మూడో మాత్ర

సంక్రాంతి వెళ్ళిందంటే మా ఊళ్ళో దగ్గని మనిషి ఉండడు. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి, గాలి ఎటు వీచినా ఘాటే. చిలకలూరిపేట బస్సు దిగిన చుట్టాలు నాలుగడుగులు వేయకముందే తుమ్మడం మొదలుపెడతారు, మేం నవ్వుతాం. అందుకే కొండమ్మ దగ్గుతుంటే నేను పట్టించుకోలేదు. పద్నాలుగేళ్ళుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే గళ్ళ పరీక్ష చేయించుకోండని ఇంటింటికీ తిరిగి గొంతు చించుకున్నదాన్ని. ఆ నేనే, మిరప దగ్గేలే, పాలల్లో పసుపేసుకు తాగమని ఆవిడకి చెప్పి వచ్చాను. నెలన్నర అలా పోయింది. నా తప్పు చెప్పుకోకుండా ఆవిడ తప్పు చెప్పడం న్యాయం కాదు గనక ఇది ముందే రాస్తున్నాను.

కొండమ్మకి యాభై మూడేళ్ళు. మనిషి జానెడు, నోరు బారెడు. ఊరి చివర ఎస్సీల పల్లెలో, చర్చి వెనక ఒక్క గది ఇల్లు. భర్త ఏసోబు పోయి ఎనిమిదేళ్ళయింది. ఒక్కగానొక్క కూతురు ఫెబాని దర్శిలో ఇచ్చింది. మిరపకాయల ముచ్చికలు తీయడంలో ఆవిడకి సాటి వచ్చేవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో లేరు. తక్కిన ఆడవాళ్ళు ఒక గంప చేసేలోపు రెండు గంపలు చేసి, మూడో గంప ముందు కూర్చుని వాళ్ళని వెక్కిరించేది. కాయని చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, ఇంకో రోజు ఎండాలని చెప్పేది. కల్లం ఆసామి వెంకటనారాయణ గారు తేమ చూసే మిషను కొన్నాక కూడా ముందు కొండమ్మని అడిగి, తర్వాతే మిషను పెట్టి చూసేవారు. మిషను తప్పు చెబుతోందని ఆవిడ వాదించిన రోజులున్నాయి. ఆవిడే నెగ్గిన రోజులూ ఉన్నాయి.

ఆదివారం చర్చిలో ఆవిడ పాట అందుకుంటే పాస్టరు గారు మైకు పక్కకి జరుపుతారట. ఈ సంగతి ఆవిడే చెప్పి పడీ పడీ నవ్వేది. అలాంటి మనిషి అంటే ఎవరికి ఇష్టం ఉండదు? నాకూ ఇష్టమే. అయినా పద్నాలుగేళ్ళలో ఆవిడ ఇంట్లో గుక్కెడు మంచినీళ్ళు తాగలేదు. మాది రైతుల ఇల్లు. పల్లెలో నీళ్ళు ముట్టకూడదన్నది మా అత్తగారి నాటి అలవాటు. తాగనని నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు, సంచిలో సీసా పెట్టుకుని తిరుగుతాను, అంతే. కొండమ్మ కూడా ఎప్పుడూ ఇవ్వబోలేదు.

ఇక జక్కయ్య సంగతి. మూడేళ్ళ కిందట కోతుల మంద ఒకటి కొండల వైపు నుంచి వచ్చి మా మొక్కజొన్న చేల మీద పడింది. వాటిలో ఒక పిల్లకోతి ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఎడమ చెయ్యి మోచేతి దాకా కాల్చుకుంది. మంద వెళ్ళిపోయింది, ఇది మిగిలిపోయింది. ఒంటి చేత్తోనే కల్లం పక్కనున్న వేపచెట్టెక్కి, మధ్యాహ్నం కూలీలు అన్నం గిన్నెలు విప్పే వేళకి కొమ్మ మీంచి తొంగి చూసేది. పొట్టివాడు, చెట్టెక్కి చూస్తున్నాడు గనక వీడి పేరు జక్కయ్య అని కొండమ్మ బైబిల్లోంచి పేరు తీసి పెట్టింది. వెంకటనారాయణ గారు మాత్రం ఆంజనేయస్వామిని పట్టుకుని జక్కయ్య అంటావేంటని మండిపడేవారు. స్వామి మీకు, జక్కయ్య నాకు, అన్నం మాత్రం నా గిన్నెలోదే గదా అని ఆవిడ జవాబు.

ఆ కోతికి ఒక చాదస్తం ఉంది. ఎవరేం పెట్టినా తినేది కాదు. ఎక్కడో ఎవరో పెట్టిన విషం తిని తోటి కోతులు పోవడం చూసిందో ఏమో, ముందుగా మనిషి తిని చూపించాలి, అప్పుడే అది ముట్టేది. అందుకని కొండమ్మ తాను రెండు ముద్దలు తిని, మూడో ముద్ద దానికి పెట్టేది. మళ్ళీ తాను, మళ్ళీ అది. ఇద్దరూ ఎదురెదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుని ఒకే గిన్నెలో తినేవాళ్ళు. కోతి ఎంగిలి తింటావేమే అని తోటివాళ్ళు అంటే, వాడి ఎంగిలి నేను తినడం లేదు, నా ఎంగిలే వాడు తింటున్నాడు, చిన్నపిల్లలకి పెట్టమా ఏంటి అనేది.

ఫిబ్రవరి చివర్లో గళ్ళలో రక్తపు జీర కనబడితే అప్పుడు లేచాను నేను. పీహెచ్‌సీకి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే టీబీ అని తేలింది. బరువు ముప్ఫయ్యారు కిలోలు. ఆ బరువుకి రోజుకి మూడు మాత్రలు, ఆరు నెలలు. ఫారం నింపుతూ, ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉన్నారు, ఒక కంచంలో తినేవాళ్ళు ఎవరని అడిగాను. వాళ్ళకీ ముందుజాగ్రత్త మందు వేయాలని చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, నేను ఒక్కదాన్నే అంది. ఒక్కతే అని రాసుకున్నాను.

కొండమ్మకి చావంటే భయం లేదు. భయమల్లా ఫెబా గురించి. పెళ్ళయిన ఆరేళ్ళకి నెల తప్పింది, అప్పటికి నాలుగో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గదా. మే నెలలో పిల్లని తీసుకొచ్చుకుంటానని కొండమ్మ వియ్యపురాలు హెలెన్‌కి మాటిచ్చి ఉంది. టీబీ సంగతి తెలిశాక ఆ హెలెన్ ఫోన్లోనే ఖరాఖండీగా చెప్పేసింది: రెండు నెలల పరీక్షలో క్రిములు లేవని కాగితం చూపిస్తేనే పిల్లని పంపేది, లేకపోతే కాన్పు మా దగ్గరే, మీరు గడప తొక్కడానికి లేదు. మాట కటువుగా ఉన్నా తప్పని నేననలేను. కొండమ్మ కూడా అనలేదు. నన్ను పట్టుకుని, రెండు నెలల్లో తగ్గుతుందా పార్వతమ్మా అని ఒకటికి పదిసార్లు అడిగింది. మాత్రలు ఒక్కపూట మానకుండా మింగితే తగ్గి తీరుతుందని గట్టిగా చెప్పాను. నా పేరు శివపార్వతి. ఊరంతా పార్వతమ్మే అంటారు.

వారం వారం వెళ్ళి మాత్రల షీటు ఇచ్చి, ఖాళీ షీటు వెనక్కి తీసుకునేదాన్ని. ఒక్క మాత్ర మిగిలేది కాదు. మూత్రం నారింజ రంగులో వస్తోందా అని అడిగితే వస్తోందనేది. మందు ఒంట్లో చేరితే ఆ రంగు వస్తుంది. మూతికి గుడ్డ కట్టుకునేది, పక్కింటి పిల్లల్ని గుమ్మం దగ్గరే ఆపేసేది. ఇంత బుద్ధిగా మందు వాడిన మనిషి నా పద్నాలుగేళ్ళలో లేదని మా సూపర్‌వైజరు దగ్గర గొప్పలు కూడా చెప్పాను.

ఏప్రిల్ చివర పరీక్ష చేస్తే క్రిములు అలాగే ఉన్నాయి.

ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళిన రోజు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. గుమ్మంలో ఫెబా కోసం కొన్న కొత్త నులక మంచం నిలబెట్టి ఉంది. కాగితంలో ఏముందో చెప్పాను. ఆవిడ మంచాన్ని తీసి గోడవైపు తిప్పి పెట్టింది. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియక నా మీద నాకే ఒళ్ళు మండింది.

సరిగ్గా అప్పుడే చర్చి ప్రహరీ మీదకి జక్కయ్య వచ్చి కూర్చుంది. ఎండిపోయి ఎముకల గూడులా ఉంది, దగ్గుతోంది. ఈస్టరుకి వేసిన తెల్ల సున్నం ఇంకా మాయని గోడ అది. కూర్చున్నది కూర్చున్నట్టే గోడ మీంచి మూత్రం పోసింది. తెల్లటి సున్నం మీద నారింజ రంగు చార కిందికి దిగింది. ఆ రంగు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? గోడ వంక చూశాను, కొండమ్మ వంక చూశాను. ఆవిడ తల వంచుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మొదటి వారం నుంచేనండి. రెండు నేను మింగుతున్నా, ఒకటి నేను కాస్త కొరికిన అరటిపండులో పెట్టి వాడికిస్తన్నా," అంది. "మీరే గదా చెప్పారు, ఒక కంచంలో తిన్నోళ్ళకి కూడా మందెయ్యాలని. నా కంచంలో తిన్నది వాడొక్కడేనండి. కోతికి మందివ్వమంటే మీరిస్తారా?"

పల్లె అంతా బయటికొచ్చి చూసేలా అరిచాను. అరకొర మందు వేస్తే క్రిమి చావదని, మొండికేస్తుందని, ఆ తర్వాత ఈ మాత్రలకి లొంగదని, కోతి కోసం కూతుర్ని పోగొట్టుకుంటావా అని, నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. నేను అరవడం అయ్యాక ఆవిడ మెల్లగా, వాడికెవరున్నారండీ అని మాత్రం అంది. ఆ ఒక్క మాటకి నా కోపం సగం చచ్చింది. మిగతా సగంతో ఇంటికి వచ్చాను.

మర్నాడు పశువుల ఆసుపత్రిలో పనిచేసే ఇమాం హుస్సేన్ గారి దగ్గరికి వెళ్ళాను. పాతికేళ్ళ సర్వీసు ఆయనది, గేదెలతో మాట్లాడినంత నెమ్మదిగానే మనుషులతోనూ మాట్లాడతారు. కోతికి టీబీ వస్తుందా అని అడిగితే, మనమే అంటిస్తామమ్మా అన్నారు. పశువుల టీబీ పచ్చిపాల మీదుగా మనిషికి వస్తుందట, మనిషి టీబీ కోతికి పోతుందట, కోతి దగ్గితే మళ్ళీ మనిషికి రావచ్చట. ఎదుటివాడికి తోక ఉందా లేదా అన్న పట్టింపు క్రిమికి లేదమ్మా అని నవ్వారు. ఎంగిలి మెతుకులకంటే ఊపిరే ఎక్కువ ప్రమాదమని, మొహంలో మొహం పెట్టి కూర్చోవడం వల్లనే అంటి ఉంటుందని చెప్పారు. ఊళ్ళో తిరిగే కోతికి ఆరు నెలలు క్రమం తప్పకుండా మందు వేయడం ఎవరివల్లా కాదన్నారు. పైగా కల్లంలో పని లేని రోజుల్లో అది అంగన్‌వాడీ దగ్గర భోజనాల వేళకి పిల్లల మధ్య చేరుతోందని నేను చెప్పగానే ఆయన నవ్వు ఆగిపోయింది. కోతిని పట్టుకెళ్ళమని అప్పటికప్పుడు అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేశారు.

కొండమ్మకి పరీక్షలు మళ్ళీ చేశారు. అదృష్టం బాగుండి క్రిమి ఇంకా మందుకి లొంగేదిగానే ఉంది. డాక్టరు గారు మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టమన్నారు. ఇకనుంచి మూడు మాత్రలూ నా కళ్ళముందే మింగాలని నేను షరతు పెట్టాను. ఆవిడ ఒప్పుకుంది, కానీ బోను మాట ఎత్తగానే మొహం తిప్పుకుంది.

నాలుగు రోజుల తర్వాత అటవీ శాఖ వాళ్ళు మూతులకి మాస్కులు కట్టుకుని, బోను తెచ్చి వేపచెట్టు కింద పెట్టారు. లోపల అరటిపండ్లు, వేరుశనక్కాయలు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా జక్కయ్య కొమ్మ దిగలేదు. వెంకటనారాయణ గారు వచ్చి, స్వామిని బోనులో పెడతారా అని మొదట ఎగిరారు. టీబీ అనేసరికి నాలుగడుగులు వెనక్కి వేసి, తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని ఊరికే అన్నారా అని సామెత అందుకున్నారు. కొండమ్మ అప్పటిదాకా దూరంగా నిలబడి ఉంది.

"వాడు చెడలేదండి. నేనే చెడగొట్టాను," అంది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అడక్కుండానే ఇంటికి వెళ్ళి, అన్నం గిన్నె తెచ్చింది. అప్పుడే వండిన అన్నం, గోంగూర పప్పు. గిన్నె బోనులో పెట్టించి, తాను మూతికి గుడ్డ కట్టుకుని పక్కన కూర్చుని, ఒరేయ్ జక్కయ్యా అని పిలిచింది. అది దిగింది. దగ్గుతూ, ఆగుతూ, ఒంటి చేత్తో నేల పట్టుకుంటూ బోను తలుపు దాకా వచ్చింది. వచ్చి అక్కడే కూర్చుంది. అన్నం వంక చూడదు, కొండమ్మ నోటి వంకే చూస్తుంది. ఆవిడ తినాలి, అప్పుడు గానీ లోపలికి అడుగు వేయదు.

అటవీ శాఖ వాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు. రెండు నెలలుగా ఎవరికీ ఎంగిలి పెట్టకు, ఎంగిలి పెట్టకు అని చెవినిల్లు కట్టుకుని పోరినదాన్ని నేనే. ఆ నోటితోనే, ఒక్క ముద్ద తిను కొండమ్మా, అది నీ నోరే చూస్తోంది అన్నాను.

"తిననండి," అంది. "నా ఊపిరి తగిలిన మెతుకు ఇక వాడికి పెట్టను. పెట్టినకాడికి చాలు." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా, మూతికి కట్టిన గుడ్డ ముడి ఇంకాస్త బిగించుకుంది. ఈ మనిషి ఇక తినదని నాకు తెలిసిపోయింది.

కోతి ఇంకో నిమిషం చూసి చెట్టెక్కేస్తుంది. ఎక్కితే ఇవాళ్టికి ఇంతే. రేపు మళ్ళీ అంగన్‌వాడీ గోడ, మళ్ళీ అరటిపండు, మళ్ళీ మూడో మాత్ర. నేను సంచి కింద పెట్టి, బోను పక్కన కూర్చుని, ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆ గిన్నెలోంచి ముద్ద కలుపుకున్నాను. కొండమ్మ నా చేతిని పట్టుకోబోయి ఆగింది.

"పార్వతమ్మా, మీరు మా ఇంటి అన్నం..." అంది.

నేను తిన్నాను. గోంగూర పుల్లగా, ఎండుమిరపకాయ ఘాటుగా, వేడివేడిగా ఉంది. రెండో ముద్ద కూడా తిన్నాను, రెండోది కోతి కోసం కాదు. జక్కయ్య నా నోరు చూసింది, కొండమ్మని చూసింది. లోపలికి వచ్చి గిన్నె ముందు కూర్చుంది. తలుపు పడిన చప్పుడుకి కొండమ్మ భుజం ఎగిరిపడింది. నేను ఆ భుజం పట్టుకుని కూర్చున్నాను. వెంకటనారాయణ గారు నన్ను అదోలా చూసి వెళ్ళిపోయారు. సాయంత్రానికల్లా మా అత్తగారికి సంగతి చేరింది, ఇంట్లో పెద్ద రభసే అయింది. అది వేరే కథ, ఇక్కడ అనవసరం.

పన్నెండో రోజున ఇమాం హుస్సేన్ గారు ఫోన్ చేశారు. జక్కయ్యకి టీబీయేనట, ఊపిరితిత్తులు అప్పటికే పాడయిపోయాయట, అటవీ శాఖ వాళ్ళు చేయగలిగినంత చేశారట. కొండమ్మకి అబద్ధం చెబుదామనుకున్నాను. జూలో ఉన్నాడు, మందు వేస్తున్నారు అని. మాత్రలు మింగడానికి వచ్చి, నా మొహం చూసి, పోయాడా అని ఆవిడే అడిగింది. పోయాడన్నాను. మా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కోతి కోసం ఏడ్చానంటే ఎవరైనా నవ్వుతారేమో, నవ్వితే నవ్వనీ. తర్వాత ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, మాత్రలు ఇవ్వండి అంది. మూడూ మింగింది.

రెండు నెలలు ఒక్కరోజు తప్పలేదు. వాన పడిన రోజు తాటాకు గొడుగు పట్టుకుని వచ్చింది, జ్వరమొచ్చిన రోజు నేనే వెళ్ళాను. బరువు నలభై కిలోలకి చేరింది, నోరు మళ్ళీ పూర్వంలాగా లేచింది. జులై రెండో వారంలో దర్శిలో ఫెబాకి ఆడపిల్ల పుట్టింది. ఆ శుక్రవారమే కొండమ్మ పరీక్ష కాగితం వచ్చింది. క్రిములు లేవు. మందు ఇంకో నాలుగు నెలలు వాడాలి, కానీ ఇక ఎవరికీ అంటదని డాక్టరు గారు రాసి సంతకం పెట్టారు.

ఆదివారం ఇద్దరం దర్శి బస్సెక్కాం. కొండమ్మ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి జాకెట్లో దాచుకుంది. హెలెన్ గుమ్మంలోనే ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది, నన్ను నాలుగు ప్రశ్నలు అడిగింది. తర్వాత పక్కకి తప్పుకుని, రండి వదినా అంది. ఫెబా మంచం మీంచి చేతులు చాచి, బిడ్డని తల్లి ఒళ్ళో పెట్టింది.

కొండమ్మ బిడ్డని మొహం దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది. నుదురు, ముక్కు, పిడికిళ్ళు, అన్నీ చూస్తోంది. ఎంత నోరు గల మనిషి, ఒక్క మాట లేదు. సంతోషం పట్టలేక అనుకున్నాను. అంతలో ఆవిడ మెడ నరాలు బిగుసుకోవడం, మొహం ఎర్రబడటం, పెదాలు గట్టిగా మూసి ఉండటం కనబడింది. బిడ్డని చేతుల్లోకి తీసుకున్నప్పటినుంచి ఆవిడ ఊపిరి బిగబట్టే ఉంది.

"ఊపిరి వదులు అక్కా," అన్నాను. "ఏం కాదు. పిల్లకి తగిలినా ఏం కాదు."

నా వంక చూసింది. నిజమేనా అన్నట్టు మళ్ళీ చూసింది. అప్పుడు వదిలింది. ఆ గాలికి పసిదాని నెత్తి మీద జుట్టు కదిలింది.